మీ గ్లాసులు మీరు తీసుకుపోండి

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న దీవించి రాసేది.

సంగతి అల్లుడు ఫోన్‌లో చెప్పాడు. పిల్లలకు వారం స్కూలు ఎగ్గొట్టించి ఊళ్ళు తిరుగుతూ, ఆత్మకూరు దగ్గర సేంద్రియ వ్యవసాయం చేసేవాళ్ళ ఇంట్లో పది రోజులు ఉంటారంటగా. రోజుకు నాలుగైదు గంటలు పొలంలో పని చేస్తే తిండీ పడకా వాళ్ళే చూస్తారంట, డబ్బు మాటే ఉండదంట. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే సూ కొప్పార్డ్ అనే ఆమె మొదలుపెట్టిన పద్ధతి అని, దాన్ని వూఫింగ్ అంటారని కూడా చెప్పాడు. మనవాళ్ళు అంతకు ముందు నుంచీ ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి పోతూనే ఉన్నారు, కాకపోతే దానికి ఇంగ్లీషు పేరు లేదు. పొలం పని నీకు తప్పాలనే రెండెకరాలు అమ్మి చదివించాను. నువ్వేమో సెలవు పెట్టి మరీ కలుపు తీయడానికి పోతున్నావు! మీ అమ్మకు ఒకటే నవ్వు. నేను మాత్రం టీకొట్టు దగ్గర నలుగురికీ గొప్పగానే చెప్పుకున్నాను.

పాత చొక్కాలు, టోపీలు పెట్టుకోండి. నేల మీద పడుకోవద్దు, మంచం అడగండి, కట్లపాములు రాత్రిళ్ళే తిరుగుతాయి. చిన్నాడిని బావి దరిదాపులకు పోనీయవద్దు. వరిలో కలుపు తీసేటప్పుడు ఊద గడ్డిని చూసి వరి అనుకుంటారు. ఆకు కాడను కలిసేచోట విప్పి చూడు, వరికి అక్కడ తెల్లటి సన్న పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అది తెలియక వాళ్ళ పైరు పీకి పెట్టేరు.

ఇక అసలు సంగతి. ఇది ఫోన్‌లో చెప్పలేక కాగితం పట్టుకున్నాను.

1987 నీకు గుర్తుండదు, ఆరేళ్ళదానివి. ఆ ఏడు తెల్లదోమ మన ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తినేసింది. మొక్కను కదిలిస్తే పిండి చల్లినట్టు లేచేది. ఆకుల మీద జిగట, ఆ జిగట మీద మసి. కొట్టిన మందే మళ్ళీ కొట్టాం, రెండేసి మందులు కలిపి కొట్టాం. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళు ఎందరో. నేనూ ఆ టెన్షన్‌లోనే ఉన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం నువ్వు మీ అమ్మ చెయ్యి పట్టుకుని అన్నం తెచ్చావు. మీ అమ్మ గడ్డి కోయడానికి అటు పోయింది. మోనోక్రోటోఫాస్ పురుగుమందు డబ్బా మూత, అదే మాకు కొలత, ఎక్కడో పడిపోయింది. నీళ్ళ బిందె మీద బోర్లించిన స్టీలు గ్లాసు కనిపించింది. దాంతో కొలిచి డ్రమ్ములో పోశాను. కాలవలో రెండుసార్లు జాడించాను. మళ్ళీ బిందె మీద బోర్లించాను. ఇంకో సాలు కొట్టి వచ్చేసరికి నువ్వు గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నావు, అదే గ్లాసుతో.

అరగంట కాకముందే వాంతులు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. ఒంగోలుకు ఎట్లా తెచ్చానో నాకే తెలియదు. డాక్టరు నీ నోటి దగ్గర వాసన చూసి నన్ను బయటికి పిలిచాడు. ఆయనకొక్కడికే నిజం చెప్పాను. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు వరసగా పడ్డాయి. రెండో రాత్రి నువ్వు దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ కూర్చుంటే, ఆ ఇంజెక్షన్ల ప్రభావమేలే, భయపడవద్దన్నారు.

మీ అమ్మకు మాత్రం, చేల గట్టున ఏదో కాయ తిన్నట్టుందని చెప్పాను. ఇంటికొచ్చాక నిన్ను చింతబరికెతో రెండు వేసింది. "నేను కాయ తినలేదే" అని ఏడ్చావు. పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ తర్వాత ఏడాది పత్తి మానేశాను, గిట్టుబాటు కాలేదని అందరికీ చెప్పాను.

అందుకే చెప్తున్నా. సేంద్రియం అనగానే అన్నీ పాలూ పెరుగూ అనుకోకు. పైరుకు బలానికి పోసే జీవామృతంతో ఇబ్బంది లేదు. పేడ పది కిలోలు, ఆవు మూత్రం పది లీటర్లు, బెల్లం, పప్పుల పిండి రెండేసి కిలోలు, 200 లీటర్ల నీళ్ళు, కంపు తప్ప ఏమీ లేదు, పిల్లల చేత కలిపించు, సరదా పడతారు. పురుగులకు కొట్టే కషాయం అగ్నిఅస్త్రం వేరు. అందులో పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకుతో పాటు పొగాకు పడుతుంది. నలభై ఏళ్ళు పొగాకు వేసినవాడిని, మంచుకు తడిసిన ఆకు విరిచిన రోజున కూలీలకు తల తిరిగి వాంతులయ్యేవి. చర్మంలోంచే ఎక్కుతుంది. ఆ కుండ దగ్గరికి పిల్లలు పోకూడదు. పక్క చేనువాళ్ళు ఏ మందు కొడతారో, ఎప్పుడు కొడతారో కూడా మొదటిరోజే అడుగు. గాలి గట్టు చూసుకుని ఆగదు. వాళ్ళు నొచ్చుకుంటారని మొహమాటపడతావు, నాకు తెలుసు నీ సంగతి. నాన్న అడగమన్నాడని చెప్పు, ముసలాడికి చాదస్తమని నవ్వుకోనీ.

కూల్‌డ్రింకు సీసాలో ఏమున్నా, రంగు ఎట్లా ఉన్నా, మీరు పోసినది కాకపోతే ముట్టవద్దు. అక్కడి గ్లాసులు కూడా వద్దు.

కనుమ నాటికైనా ఇంటికి రండి. గారెలకు మినుములు ఆడించి పెట్టింది మీ అమ్మ.

రాత్రి ఆమెకు కూడా చెప్పేశాను. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున లేచి అటక మీది పెట్టె దింపి నాలుగు స్టీలు గ్లాసులు తీసింది. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి, మాటా పలుకూ లేకుండా నా ముందు పెట్టింది. ఈ ఉత్తరంతో పాటు అవీ పార్సిల్ వేస్తున్నాను. ఎర్రదారంది నీది.

మీ నాన్న