ఖననం దాకా స్తోత్రం లేదెందుకు?

ప్రశ్న: ముంబైలో మా అబ్బాయితో పనిచేసే బెనె ఇజ్రాయెల్ (మన దేశపు యూదుల్లో ఒక వర్గం) కుర్రాడి తండ్రి పోయారు. ఖననానికి ముందు రొట్టె తిన్నాడు గానీ స్తోత్రం చదవలేదట. మరునాడు చదివాడట. ఎందుకలా? పరామర్శకు ఏం పట్టుకెళ్లాలి?
– ఒక పాఠకుడు, సిరొంచ (గడ్చిరోలి)

జవాబు: తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు, భార్య లేదా భర్త పోతే, ఖననం ముగిసేదాకా ఆ మనిషిని ‘ఓనెన్’ అంటారు. అప్పుడతని పని ఖననం ఏర్పాట్లే. అందుకే స్తోత్రాల బాధ్యత ఉండదు. రొట్టెకు ముందు చేతులు కడుక్కుంటాడు, స్తోత్రం చదవడు. పక్కవారు చదివితే ‘ఆమేన్’ కూడా అనడు. మాంసం, వైన్ ముట్టడు. దీన్ని మన మైలతో కలపకండి. ఇది అంటు కాదు, మినహాయింపు. తెలియక చుట్టూ ఉన్నవాళ్లు చదవమని బలవంతపెడతారు, అదే పొరపాటు. సబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) నాడు మాత్రం స్తోత్రాలన్నీ చదువుతాడు.

దుఃఖానికి గుర్తుగా ఒంటిమీది బట్ట చింపుకునేటప్పటి స్తోత్రం వేరు. ఓనెన్ అయినా నిలబడి, దేవుణ్ణి ‘సత్యమైన న్యాయాధిపతి’ అని స్తుతిస్తాడు. తల్లిదండ్రుల కోసమైతే ఎడమవైపు, గుండె దగ్గర, సుమారు 8 సెంటీమీటర్లు చింపుతారు.

ఖననం కాగానే స్తోత్రాలు మళ్లీ మొదలు. తొలి భోజనం ఇరుగుపొరుగు తెచ్చిందే తినాలి: రొట్టె, ఉడికించిన గుడ్లు, పప్పు. మీ వంటిల్లు కోషర్ (యూదుల ఆహార నియమాలకు తగినది) కాదు కదా, కోయని పండ్లు పట్టుకెళ్లండి. అతను నోరు విప్పేదాకా మీరు మాట కలపకండి.