లినక్స్ నేర్చుకోవడానికి మాడ్యులర్ ల్యాప్‌టాప్ కోసం అప్పు చెయ్యాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మోటారు వైండింగ్ షాపు నడుపుకుంటున్నాను. మా అమ్మాయి గుణుపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లినక్స్ మీద సర్వర్ల పని, అంటే వెబ్‌సైట్లను నడిపే కంప్యూటర్లను చూసుకునే పని నేర్చుకుంటానంటోంది. పార్టులన్నీ మనమే విప్పి మార్చుకునే ఫ్రేమ్‌వర్క్ అనే ల్యాప్‌టాప్ కావాలని పట్టుబట్టింది. అమెరికాలో ఉన్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ తెస్తానన్నాడు, డబ్బు మాత్రం మేమే ఇచ్చుకోవాలి. చేతిలో నలభై వేలున్నాయి. మిగతాది అప్పు తేవాలి. తెమ్మంటారా?

జవాబు: అప్పు తేకండి. ఆ ముక్క ముందే చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

అమ్మాయిది గొంతెమ్మ కోరిక కాదు. ఆ వయసు పిల్లలు చాలామంది ల్యాప్‌టాప్ సన్నగా ఉందా, గేములు బాగా ఆడుతుందా అని చూస్తారు. మీ పిల్ల విప్పడానికి వీలుందా అని చూసింది. నాన్న రోజూ మోటార్లు విప్పే ఇంట్లో పెరిగింది కదా, ఆ చూపు అక్కడిదే అయి ఉంటుంది. సర్వర్ల పనికి కావలసిన బుద్ధి ఇదే. దాన్ని చల్లార్చకండి.

ఆమె అడుగుతున్నది మంచి యంత్రమే. ఫ్రేమ్‌వర్క్ శాన్‌ఫ్రాన్సిస్కో కంపెనీ, మొదటి ల్యాప్‌టాప్‌ను 2021లో అమ్మింది. ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు), బ్యాటరీ, కీబోర్డు, స్క్రీను, ఆఖరికి మదర్‌బోర్డు కూడా ఒక్క స్క్రూడ్రైవరుతో మార్చుకోవచ్చు. ఆ స్క్రూడ్రైవరు కూడా పెట్టెలోనే వస్తుంది. లోపలి పార్టుల మీదున్న క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే, దాన్ని ఎలా విప్పాలో చెప్పే పేజీ తెరుచుకుంటుంది. పక్కనుండే పోర్టులు కూడా తీసి పెట్టుకునే చిన్న బిళ్లలే. యూఎస్‌బీ కావాలంటే ఒకటి, హెచ్‌డీఎమ్‌ఐ కావాలంటే ఇంకొకటి దోపుకోవచ్చు. 2021లో ఇంటెల్ 11వ తరం బోర్డుతో కొన్నవాళ్లు, 2023లో వచ్చిన ఏఎమ్‌డీ బోర్డును అదే బాడీలో బిగించుకోగలిగారు. ర్యామ్ మాత్రం పాత రకం డీడీఆర్4 తీసేసి కొత్త రకం డీడీఆర్5 వేసుకోవాల్సి వచ్చింది. లినక్స్ విషయానికొస్తే దానిలో రకాలైన ఉబుంటు, ఫెడోరాలను కంపెనీయే పరీక్షించి, ఇవి నడుస్తాయని చెబుతుంది.

మరి వద్దని ఎందుకంటున్నాను? మీ షాపు భాషలోనే చెబుతాను. 6203 బేరింగు పోయిన మోటారు వస్తే మీకు దిగులుండదు. ఆ నంబరు బేరింగు బరంపురంలో దొరుకుతుంది, విశాఖలో దొరుకుతుంది, ఏ కంపెనీదైనా సరిపోతుంది. అదే, కంపెనీ తన సొంత కొలతతో చేసిన పార్టు పోయిందనుకోండి. మోటారు విప్పడం ఎంత సులువైనా, ఆ పార్టు వచ్చేదాకా అది మీ బల్ల మీదే పడి ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ 6203 లాంటివి. బ్యాటరీ, కీబోర్డు, స్క్రీను, మదర్‌బోర్డు మాత్రం ఆ కంపెనీ కొలతలవి. కంపెనీ ఆర్డర్ పేజీలో మన దేశం పేరు ఉందో లేదో అమ్మాయినే చూడమనండి. లేకపోతే ప్రతి పార్టూ మేనమామ సూట్‌కేసులోనే రావాలి. పరీక్షల ముందు బ్యాటరీ ఉబ్బితే మళ్లీ సంక్రాంతి దాకా ఆగలేరు కదా. తక్కువ ధరకు కనబడే డీఐవై (మనమే బిగించుకునే) మోడల్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, చార్జరు విడిగా కొనుక్కోవాలన్న సంగతి కూడా మీ బావమరిదికి చెప్పండి.

ఈ బాధ నాకు తెలుసు. బయటి దేశం నుంచి తెప్పించుకున్న ఒక ల్యాప్‌టాప్‌లో కీబోర్డు పోతే, నలభై రోజులు విడి కీబోర్డు తగిలించుకుని పని చేశాను. నాకు అప్పటికే ఉద్యోగం ఉంది కాబట్టి గడిచింది. నేర్చుకునే వయసులో ఉన్న పిల్లకు నలభై రోజులంటే సగం సెమిస్టరు.

మేనమామ డబ్బు తీసుకోకుండా తనే కానుకగా ఇస్తానంటే సంతోషంగా తీసుకోండి. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు వెంట తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కు కస్టమ్స్ సుంకం లేదు. అది వచ్చినా ఇప్పుడు నేను చెప్పబోయేది పక్కన ఉండాలి.

ఈ నలభై వేల లోపల, ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ ఒకటి కొనండి. పేర్లు రాసుకోండి: లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5. మూడూ 2018 నాటివి, ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్లతో వచ్చాయి, మూడింట్లోనూ ర్యామ్‌కు రెండేసి స్లాట్లున్నాయి. కంపెనీలు వీటిని వందల్లో కొని, కొన్నేళ్లకు ఒకేసారి తీసేస్తాయి. అందుకే పార్టులు సెకండ్ హ్యాండ్ బజారులో తిరుగుతూనే ఉంటాయి. విప్పే విధానం బొమ్మలతో సహా ఉన్న సర్వీసు మాన్యువల్ కంపెనీ సైట్లోనే ఉచితంగా దొరుకుతుంది.

మూడింట్లో నా ఓటు టీ480కి. దానికి రెండు బ్యాటరీలు, ఒకటి లోపల, ఒకటి బయట. బయటిదాన్ని స్క్రూ విప్పకుండానే లాగి, యంత్రం నడుస్తుండగానే మార్చుకోవచ్చు. కరెంటు పోయే మన ఊళ్లలో ఇది పెద్ద వరం. కానీ పేరు జాగ్రత్తగా చదవండి. టీ480ఎస్ అని చివర ఎస్ ఉంటే వేరే యంత్రం, దానిలో కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. టీ490 కూడా అంతే. ఎక్స్1 కార్బన్‌లోనైతే ర్యామ్ మొత్తం అతికే ఉంటుంది. షాపువాళ్లు "కొత్త మోడలండీ, ఇంకా సన్నం" అని ఇవే ముందు చూపిస్తారు.

గుణుపురం నుంచి విశాఖకు పాసింజరు మీ ఊరి మీదుగానే వెళ్తుంది కదా, కొనడానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. బయల్దేరే ముందు అమ్మాయి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 24.04 గానీ లినక్స్ మింట్ 22 గానీ వేసుకోవాలి. డిస్కులో ఏమీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుస్తుంది. అలా నడిపి చూడటానికి షాపువాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో షాపుకు వెళ్లండి. నడిచాక వైఫై పట్టుకుంటోందా, మూత వేసి తీస్తే నిద్ర లేస్తోందా, కెమెరా, మైకు, స్పీకర్లు పనిచేస్తున్నాయా చూడాలి. వైఫై కార్డు ఇంటెల్‌ది అయితే నిశ్చింత. బ్రాడ్‌కామ్‌ది అయితే డ్రైవరు కోసం తిప్పలు పడాల్సి రావచ్చు. అలాంటప్పుడు ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకుంటే నెట్ వస్తుంది, డ్రైవరు దించుకోవచ్చు. విడిగా ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్నది వెతక్కండి, ఈ చదువుకు అవసరం లేదు. బ్యాటరీ అసలు సామర్థ్యంలో ఎంత మిగిలిందో, ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎలా ఉందో లినక్స్ నుంచే చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, బయోస్ (యంత్రం ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే సెట్టింగుల తెర) తెరిచి చూడండి. పాత ఆఫీసు పెట్టిన పాస్‌వర్డ్ అడిగితే డబ్బు ఇవ్వకండి. ఆ తాళం తీయడం మన వల్ల అయ్యే పని కాదు. టీ480 తీసుకుంటే టైప్ సీ పోర్టు చెడిపోకుండా లెనోవో ఇచ్చిన థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్టు చిప్పులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మొదటి వారంలోనే వేసుకోవాలి. తర్వాత బయోస్ అప్‌డేట్లు లినక్స్ నుంచే, ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్‌తో వస్తుంటాయి.

ఇక్కడి నుంచి అమ్మాయితో.

అమ్మా, ర్యామ్ 16 జీబీకి తక్కువ వద్దు, ఎందుకో చెబుతాను. నీ ల్యాప్‌టాప్‌లో కేవీఎం అనే టూల్ వేసుకుని మూడు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే యంత్రం లోపల విడి కంప్యూటర్లలా నడిచేవి, పెట్టు. ఒకటి వెబ్ సర్వర్, ఒకటి డేటాబేస్, ఒకటి ఆ రెండింటినీ గమనించేది. దూరం నుంచి కంప్యూటర్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌తో ఒకదాన్నుంచి ఇంకొకదాంట్లోకి వెళ్లు. తర్వాత కావాలని చెడగొట్టు. డిస్కు నిండేలా చెయ్యి, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తగలాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక వరస తప్పు రాయి, నెట్‌వర్క్ అడ్రసు మార్చు, మళ్లీ బూట్ చెయ్యి. ఏం ఆగిపోయింది, లాగ్‌లో (యంత్రం తనే రాసుకునే చిట్టాలో) ఏ వరస చూసి పట్టుకున్నావు, ఎలా సరిచేశావు అన్నది నోటుబుక్కులో చేత్తో రాసుకో. ఇంటర్వ్యూలో "సర్వర్ బూట్ కాలేదు, మొదట ఏం చూస్తావు?" అని అడిగినప్పుడు ఈ నోటుబుక్కు మాట్లాడుతుంది. ఏ కంపెనీ ల్యాప్‌టాప్ మీద నేర్చుకున్నావని ఎవరూ అడగరు.

డిస్ట్రో (లినక్స్ రకం) ఏది అన్న వాదాల్లో రోజులు పోగొట్టుకోకు. ఉబుంటు 24.04కైనా మింట్ 22కైనా 2029 దాకా అప్‌డేట్లుంటాయి, నీ డిగ్రీ దాటిపోతుంది. వర్చువల్ మెషీన్లలో మాత్రం అల్మాలినక్స్ పెట్టుకో. అది ఉచితం, నేర్చుకునే పద్ధతులన్నీ కంపెనీల సర్వర్లలో వాడే రెడ్ హ్యాట్ లినక్స్‌వే. ఎందుకంటే నీ గురి ఆర్‌హెచ్‌సీఎస్ఏ, రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే సర్టిఫికెట్ పరీక్ష. దానిలో బిట్లు ఉండవు, ఒక యంత్రం ఇచ్చి పని చేసి చూపించమంటారు. సర్టిఫికెట్ చెల్లుబాటు మూడేళ్లే కాబట్టి ఇప్పుడే రాయకు, ఆఖరి సంవత్సరంలో రాయి. క్లాసులకు డబ్బు కట్టే ముందు ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ చూడు. లినక్స్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, ఖర్చు లేదు.

విండోస్ పూర్తిగా తీసేయకు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ఆన్‌లైన్ పరీక్షల్లో కొన్ని దాని మీదే నడుస్తాయి. డిస్కులో వంద జీబీ దానికి వదిలి మిగతాది లినక్స్‌కు ఇవ్వు. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ ఏళ్లు వస్తుంది. టీఎల్‌పీ అనే ప్యాకేజీ ఆ పని చేస్తుంది.

ఇంకొక మాట, నువ్వు ఆ నేల పిల్లవి కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. లినక్స్‌లో భారతీయ భాషల కోసం ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే రెండూ ఒకే వేళ్లతో వస్తాయి, క అక్షరం రెండు భాషల్లోనూ ఒకే మీట మీద ఉంటుంది. మీ చుట్టుపక్కల మాట్లాడే మూడో భాష సవర. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్లోనే బడిలో పాఠాలు చెబుతూ ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో మంగై గొమాంగో సవరకు సొంత లిపి కూర్చారు, 2012లో అది కంప్యూటర్లు అక్షరాల కోసం వాడే ఉమ్మడి పట్టిక యూనికోడ్‌లో చేరింది. ఆ లిపిలో హాయిగా టైపు చేసే కీబోర్డు లేఅవుట్, పదాల పట్టిక, ఉబుంటు మెనూల అనువాదం, వీటిలో ఏది తీసుకున్నా మంచి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అవుతుంది. గుణుపురంలో సవర మాట్లాడే పిల్లలు నీ పక్క బెంచీలోనే ఉండొచ్చు. వాళ్లను కలుపుకుని చెయ్యి, కోడ్ మార్పులను దాచే గిట్‌లో అందరికీ కనబడేలా పెట్టు. ఆ ఊళ్లో చదువుతున్నందుకే నీకు దొరికిన అవకాశం ఇది, పెద్ద నగరం పిల్లలకు దొరకదు.

అయ్యా, మళ్లీ మీతో. ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చాక మొదటిసారి దాని వెనక మూత మీ షాపు బల్ల మీదే విప్పండి, విప్పేది అమ్మాయి, పక్కన మీరు. టీ480 అయితే ముందు బయోస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీని ఆపే ఆప్షన్ నొక్కాలి, తర్వాత బయటి బ్యాటరీ తీసేయాలి. మూత స్క్రూలు వదులైనా ఊడి కింద పడవు, మూతకే వేలాడతాయి. అంచుల్లో క్లిప్పులుంటాయి, మీ ఇనుప స్క్రూడ్రైవరుతో ఎత్తకండి, పాత ఏటీఎం కార్డు ముక్క చాలు. రెండో ర్యామ్ కర్రను అమ్మాయినే స్లాట్‌లో పెట్టనివ్వండి. టక్కుమని రెండు పక్కలా క్లిప్పు పడాలి.