పెట్ ప్రీఫామ్ డీఎస్‌సీ: మొదటి హీటింగ్ గ్రాఫ్ తీసుకోవాలా, రెండోదా?

మీ ప్రశ్న ఇదీ: పెట్ ప్రీఫామ్ (ఊది బాటిల్‌గా మార్చకముందు ఉండే ప్లాస్టిక్ గొట్టం) ముక్కని డీఎస్‌సీలో (శాంపిల్ వేడిని ఎంత పీల్చుకుంటుందో, ఎంత వదులుతుందో కొలిచే మెషీన్) నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి చేస్తే 130 డిగ్రీల దగ్గర ఒక పీక్ వచ్చింది, అదే వేగంతో చల్లార్చి మళ్లీ వేడి చేస్తే ఆ పీక్ లేదు. మెషీన్‌లో లోపమా? రిపోర్టులో ఏది పెట్టాలి?

మెషీన్ గురించి టెన్షన్ వద్దు. నేను ప్యాకేజింగ్ ల్యాబ్‌లో చేస్తున్నాను, కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ పీక్ గురించే. ప్రీఫామ్‌ని మోల్డ్‌లో గబగబా చల్లార్చేస్తారు, పాలిమర్ గొలుసులకి స్ఫటికాలుగా సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకే ప్రీఫామ్ అంత పారదర్శకంగా కనిపిస్తుంది. డీఎస్‌సీలో 75-80 డిగ్రీలు (గ్లాస్ ట్రాన్సిషన్) దాటాక ఆ గొలుసులకి కదిలే వీలు దొరుకుతుంది. అప్పుడు ఆగిపోయిన పని మొదలుపెట్టి, వేడిని బయటికి వదులుతాయి. మీరు చూసిన పీక్ అదే, కోల్డ్ క్రిస్టలైజేషన్. 250 దగ్గర కరిగేవాటిలో ఎక్కువ భాగం ఈ కొత్త స్ఫటికాలే. ఇక చల్లార్చేటప్పుడు తీరిగ్గా దించారు కాబట్టి స్ఫటికాలు దారిలోనే ఏర్పడిపోయాయి. రెండోసారి ఏర్పడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కాబట్టి ఏ గ్రాఫ్ అన్నది మీరు దేని గురించి అడుగుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. ఆ ముక్క ఎలా తయారైందో తెలియాలంటే మొదటిది. రెజిన్‌ని (ముడి ప్లాస్టిక్‌ని) రెజిన్‌తో పోల్చాలంటే రెండోది. నమ్మకం కుదరకపోతే మామూలు నీళ్ల బాటిల్ మూతి దగ్గర ఒక ముక్క, పక్క గోడలోంచి ఒక ముక్క కోసి పెట్టండి. మూతి ముక్కలో ఈ పీక్ బాగా కనిపిస్తుంది. గోడ బ్లోయింగ్‌లో సాగి ముందే స్ఫటికమై ఉంటుంది కాబట్టి అందులో దాదాపు ఉండదు. రెండో హీటింగ్‌లో మాత్రం రెండూ కవలల్లా ఉంటాయి.

థీసిస్‌లలో కూడా నాకు తరచూ కనిపించే తప్పు క్రిస్టలినిటీ (ముక్కలో స్ఫటికాల శాతం) లెక్కలో ఉంటుంది. ఉదాహరణకు కరిగే పీక్ గ్రాముకు 38 జౌల్స్, కోల్డ్ క్రిస్టలైజేషన్ 30 అనుకోండి. పూర్తి స్ఫటిక పెట్‌కి వాడే విలువ 140. నేరుగా 38ని 140తో భాగిస్తే 27 శాతం వస్తుంది. అందులో చాలా భాగం మెషీన్‌లో మీరు వేడి చేసి తయారుచేసిన క్రిస్టలినిటీ! 30 తీసేసి లెక్కిస్తే 6 శాతం కూడా రాదు. ముక్కలో మొదట ఉన్నది సుమారుగా అంతే.

మొదటి హీటింగ్‌లో గ్లాస్ ట్రాన్సిషన్ దగ్గర గ్రాఫ్‌లో వచ్చే మెట్టు చివర చిన్న ముక్కులాంటి పీక్ వస్తే దాన్ని మెల్టింగ్ అని రాయకండి. గది ఉష్ణోగ్రతలో చాలాకాలం నిల్వ ఉన్న శాంపిల్‌కి అలా వస్తుంది. రెండో హీటింగ్‌లో అసలు మెట్టే సరిగ్గా కనిపించకపోతే, కరిగించిన శాంపిల్‌ని వీలైనంత వేగంగా చల్లార్చి మళ్లీ చూడండి.

ముక్క 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు, కానీ పాన్ (శాంపిల్ పెట్టే చిన్న గిన్నె) అడుగుకి చదునుగా ఆనాలి. వంకర ముక్క కరిగేటప్పుడు కదిలి దొంగ పీక్‌లు పుట్టిస్తుంది. మెషీన్ సరిచూడడానికి వాడే ఇండియం లోహం 156.6 దగ్గర కరుగుతోందో లేదో అప్పుడప్పుడు సరిచూసుకోండి. గ్రాఫ్ మీద ఎక్సో (వేడి వదిలే దిశ) పైకా కిందకా అన్నది తప్పకుండా రాయండి, ఒక్కో కంపెనీ మెషీన్ ఒక్కోలా గీస్తుంది. పెట్‌కి 280-290 దాటక్కర్లేదు. పీవీసీని మాత్రం అంత దూరం తీసుకెళ్లకండి, వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం మెషీన్‌లో శాంపిల్ పెట్టే సెల్‌ని తినేస్తుంది.