మోకాటి చిప్ప నొప్పి గురించి, పరుగు మానొద్దని పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

మొన్న గృహప్రవేశం రోజు నువ్వు మేడ దిగుతుంటే కింద నుంచి చూశాను. గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగావు. ఇరవై రెండేళ్ల పిల్ల అలా దిగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అడిగితే ఏం లేదు పెద్దమ్మా అన్నావు. రాత్రి మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. ఎక్స్‌రే బాగానే ఉన్నా ఎవరో గుజ్జు అరిగిపోయింది, ఇక పరుగు మానెయ్ అన్నారట. కానిస్టేబుల్ ఉద్యోగం ఆశ పోయిందని నువ్వు ఏడ్చావట. ముప్పై నాలుగేళ్లు ఫిజియోథెరపీ చేసినదాన్ని, అందుకే ఈ ఉత్తరం.

నీ గుజ్జు అరగలేదమ్మా. నొప్పి ఎక్కడ అని నేను అడిగినప్పుడు నువ్వు వేలు పెట్టి చూపించలేక అరచేయి చిప్ప చుట్టూ తిప్పావు, గుర్తుందా? మెట్లు దిగితే నొప్పి, గొంతుకూర్చుంటే నొప్పి, బస్సులో రెండు గంటలు కాలు ముడుచుకుని కూర్చుని లేస్తే నొప్పి. వాపు లేదు, దెబ్బ తగల్లేదు. ఇదంతా చిప్పకీ తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి ఎక్కువైనప్పుడు వచ్చే నొప్పి. పరుగు మొదలుపెట్టిన ఆడపిల్లల్లో ఎంతమందిలో చూశానో లెక్కలేదు.

చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతుంది. మోకాలు వంచి బరువు మోపినప్పుడు తొడ ముందు కండరం దాన్ని గాడిలోకి నొక్కుతుంది. మెట్లు దిగేటప్పుడు ఆ ఒత్తిడి మన బరువుకి మూడు రెట్ల దాకా ఉంటుంది. కిందికంటా కూర్చుని లేచే గుంజీలో ఇంకా ఎక్కువ. ఇప్పుడు నువ్వు చేసిన పని చూడు. అంతకుముందు పరుగన్నదే లేదు. ఇరవై రోజుల్లో రోజుకి నాలుగు కిలోమీటర్లకి వెళ్లిపోయావు, అదీ సీసీ రోడ్డు మీద. దానికి తోడు రోజూ వంద గుంజీళ్లు. కండరాలు గట్టిపడాలంటే వారాలు పడుతుంది, నువ్వు వాటికి ఆ టైమే ఇవ్వలేదు.

రెండో కారణం తుంటి పక్క కండరాలు. అద్దం ముందు ఒంటి కాలి మీద నిలబడి మోకాలు కొద్దిగా వంచి చూడు. మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిపోతే ఆ కండరాలకి బలం చాలట్లేదని అర్థం. మోకాలి నొప్పికి తుంటికి వ్యాయామం ఏంటని అందరూ అడుగుతారు. తుంటికీ తొడకీ కలిపి చేయిస్తేనే ఎక్కువ మందికి తగ్గింది.

మీ అమ్మ మోకాలికి మెషిన్‌తో కరెంటు పెట్టిద్దాం అంటోంది. వద్దని చెప్పు. కొత్తలో నేనూ అందరికీ కరెంటే పెట్టేదాన్ని. పెట్టిన పూట హాయిగా ఉండేది, పది రోజులకి మళ్లీ అదే నొప్పితో వచ్చేవాళ్లు. నీలాంటి అమ్మాయికే ఒకామెకి నాలుగు నెలలు మంచం దిగొద్దన్నారు. నా దగ్గరికొచ్చేసరికి తొడ సన్నబడిపోయింది, పరుగు పరీక్ష తేదీ దాటిపోయింది. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది. అందుకే పూర్తిగా ఆపెయ్యొద్దని ఇంతగా చెబుతున్నాను.

ముందు రెండు వారాలు గుంజీళ్లు ఆపెయ్. రోజు విడిచి రోజు, మట్టి గ్రౌండులో, ఒక నిమిషం పరుగు ఒక నిమిషం నడక, ఇరవై నిమిషాలు చాలు. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వెయ్యి. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకో, మూడు లోపు ఉంటే ఫర్వాలేదు, మర్నాడు పొద్దున్నకి తగ్గిపోవాలి. తగ్గకపోతే తర్వాతిసారి పరుగు తగ్గించు. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరిగెత్తొద్దు, మోకాలు ఎంతవరకు ఓర్చుకుంటోందో నీకు తెలియకుండా పోతుంది.

వారానికి మూడు రోజులు వ్యాయామం. పక్కకి పడుకుని పై కాలు మోకాలు వంచకుండా ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి నడుము లేపడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి నెమ్మదిగా కూర్చోవడం. ఒక్కోటి పన్నెండుసార్లు, మూడు దఫాలు. నొప్పి తగ్గాక ఒక మెట్టు మీద నిలబడి రెండో కాలి మడమ నేలకి తాకేలా మెల్లగా దిగడం మొదలుపెట్టు. ఇదే అసలైనది, తొందరపడకు. తేడా తెలియడానికి ఆరు వారాలు, బాగా గట్టిపడటానికి మూడు నెలలు పట్టొచ్చు. మోకాలి క్యాపు వేసుకుంటే హాయిగా ఉందనుకుంటే వేసుకో, దాని మీదే ఆధారపడకు.

తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్లో ఆడపిల్లలకి పరుగు పరీక్ష 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు. అంటే గంటకి 9 కిలోమీటర్ల వేగం. దానికి రోజూ నాలుగు కిలోమీటర్లు పరిగెత్తక్కర్లేదు. ఆ పరీక్షల్లోనే ఉన్న లాంగ్ జంప్ మొదలుపెట్టాక చిప్ప కింద ఒక్కచోటే, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి వస్తే అది వేరు. చిప్పని కాలి ఎముకకి కలిపే పట్టీది. అప్పుడు నాకు చెప్పు.

మోకాలు ఉబ్బినా, వేడెక్కి జ్వరం వచ్చినా, వంచిన కాలు చాపలేకుండా ఇరుక్కుపోయినా, నడుస్తుంటే పట్టు తప్పినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఎముకల డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లు. నొప్పి లేకుండా టకటక చప్పుడొస్తే మాత్రం భయం లేదు.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చెయ్. ఫోను మోకాలి ఎత్తులో స్టూలు మీద పెట్టి, నిక్కరు వేసుకుని ఒంటి కాలి మీద నిలబడి చూపించు. రెండు కాళ్లూ విడివిడిగా చూడాలి నేను.

నీ పెద్దమ్మ