ఫోన్‌కి గొంతు ఉంది, ఫైల్లోనే అక్షరాలు లేవు

ప్రశ్న: మా మామగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. గ్లాకోమాతో చూపు బాగా తగ్గింది. ఫోన్‌లో తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే సెలెక్ట్ టు స్పీక్ పెట్టి ఇచ్చాం. వార్తలు చక్కగా చదువుతోంది. కథానిలయం వెబ్‌సైట్ నుంచి దింపిన పాత కథలు తెరిస్తే మాత్రం నోరు విప్పదు. ఆయన వ్యాసాలు ఎప్పుడో డీటీపీ చేయించిన పీడీఎఫ్ పెడితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది. వేరే యాప్ కొనాలా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఏమీ కొనకండమ్మా. వార్తలు చదివిందంటే గొంతు బాగానే ఉన్నట్టు. ఇబ్బందల్లా ఆ ఫైళ్లలో ఉంది.

ముందు మీరే ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే ఫోన్ చదువుతుంది. పిచ్చి గీతలు, ఇంగ్లిష్ ముక్కలు వస్తే అది పాత ఫాంటు. అసలు కాపీయే కాకపోతే అది ఫొటో.

మాస్టారి వ్యాసాల సంగతి నాకు బాగా తెలుసు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చాలాకాలం డీటీపీ సెంటర్ నడిపినవాణ్ణి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో కొట్టేవాళ్లం. కంటికి కనిపించేది 'క', కంప్యూటర్ దాచుకునేది ఏదో ఇంగ్లిష్ గుర్తు. కాగితం మీద అచ్చుకి అది చాలు, వినడానికి పనికిరాదు. అను నుంచి యూనికోడ్‌కి, అంటే ఫోన్లు తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాలకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూడాలి. పీడీఎఫ్ కంటే అసలు పేజ్‌మేకర్ ఫైల్ దొరికితే పని చాలా తేలిక. కొట్టిన సెంటర్‌కి వెళ్లి వెంటనే అడగండి. పాత కంప్యూటర్ తీసేస్తే ఆ ఫైళ్లు కూడా పోతాయి. ఒక మనిషి జీవితమంతా రాసుకున్నది అలా పోకూడదు.

ఇక కథలు. శ్రీకాకుళంలో కథల కోసమే పెట్టిన లైబ్రరీ కథానిలయం 1997లో మొదలైంది. పాత పత్రికల పేజీల్ని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. మన జిల్లాలకి అంతకన్నా గొప్ప ఆస్తి ఏముంది? అయితే స్కాన్ అంటే బొమ్మే కదా, అందులోని అక్షరాల్ని గుర్తుపట్టించాలి. కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌కి ఎక్కించి, దానిమీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ నొక్కండి. బొమ్మ కింద తెలుగు అక్షరాలు వస్తాయి. ఫైల్ 2 ఎంబీ లోపు ఉంటే మంచిది కాబట్టి కథని ముక్కలు చేసుకోండి. పత్రిక పేజీలో రెండు మూడు కాలమ్‌లు ఉంటే ఒక్కొక్కటి విడిగా కత్తిరించి ఇవ్వండి, లేకపోతే ఈ వాక్యం తోక ఆ వాక్యానికి అతుక్కుంటుంది. మాసిన అచ్చులో 'మ', 'వు' తారుమారవుతాయి. ఇంట్లో పిల్లలుంటే ఈ దిద్దుబాటు వాళ్లకివ్వండి. తాతగారి కోసం ఒక కథ దిద్దితే వాళ్లూ ఆ కథ చదివినట్టే.

వినడానికి ఎట్ వాయిస్ అలౌడ్ రీడర్ (@Voice Aloud Reader) అనే యాప్ చూడండి. స్క్రీన్ ఆపేసినా చదువుతూనే ఉంటుంది, చూపు తగ్గినవాళ్లకి అదే కావాలి. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్‌కి వెళ్లి తెలుగు వాయిస్ డేటా దింపి ఉంచితే సిగ్నల్ లేకపోయినా ఆగదు. కంప్యూటర్ మీదైతే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో రీడ్ అలౌడ్ ఉంది. శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులు ఉంటాయి, వాటికి నెట్ కావాలి. నా చెవికి ఫోన్ గొంతు కంటే అవే హాయిగా ఉంటాయి.

ఒక్కటి మాత్రం మాస్టారికి ముందే చెప్పండి. మన యాసలో రాసిన మాటల్ని యంత్రం ఉన్నదున్నట్టు పలుకుతుంది గానీ ఆ సాగదీత, ఆ విరుపు రావు. మొదట్లో చిరాకు పడతారు. వేగం కాస్త తగ్గించి, తనకి బాగా తెలిసిన కథతోనే మొదలుపెట్టించండి. తెలిసిన కథైతే లోటుని ఆయన చెవే పూరించుకుంటుంది, కొత్తవి తర్వాత వినొచ్చు.