పొగమంచు వాలులో పినో నువార్: గంధకం కొట్టినా బూడిద తెగులు ఎందుకు ఆగట్లేదు?

కాలిఫోర్నియా శాంటా క్రూజ్ కొండల్లో, సముద్రం వైపు వాలులో 500 అడుగుల ఎత్తున మీ పినో నువార్ (వైన్ ద్రాక్ష రకం) తోట. వేసవిలో వాన చుక్క లేదు, రెండు వారాలకోసారి గంధకం కొడుతున్నారు, అయినా గుత్తులు తెల్లబడుతున్నాయంటున్నారు.

వాన లేనంత మాత్రాన ఈ తెగులు ఆగదు. సీజన్ మొదట్లో ఒక్క తడి దొరికితే చాలు, ఆ తర్వాత పొడి ఆకు మీద కూడా పాకుతుంది. దానికి కావలసింది 21–29 డిగ్రీల సెల్సియస్. 35 దాటి గంటల తరబడి ఉంటే చచ్చిపోతుంది కానీ, పొద్దెక్కేదాకా మంచు కప్పే మీ ఎత్తులో అంత ఎండ అరుదు. మంచుకు పైనున్న శిఖరం తోటల వాళ్ల షెడ్యూలు మీకు పనికిరాదు.

తేదీలు చూసి కాదు, ఉష్ణోగ్రత చూసి కొట్టండి. గుత్తుల ఎత్తులో ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే థర్మామీటర్ లాగర్ ఒకటి కట్టండి. వరుసగా మూడు రోజులు, రోజూ ఆరు గంటలు ఏకధాటిగా 21–29 మధ్య ఉంటే తెగులు ఊపందుకున్నట్టే. అప్పుడు నీటిలో కలిపి కొట్టే గంధకం ఏడు రోజులకోసారి పడాలి. రెమ్మ 15 సెంటీమీటర్లు రాగానే మొదలుపెట్టండి. పూత నుంచి పిందె పడ్డాక నాలుగు వారాల దాకా ఒక్క స్ప్రే కూడా తప్పకూడదు. ఆ తర్వాత కాయ తనంతట తానే తట్టుకుంటుంది.

నేను చూసినంతలో ఎక్కువ తోటల్లో లోపం మందుది కాదు, అది గుత్తిని చేరకపోవడమే. తడి తగిలితే నీలంగా మారే పసుపు కాగితాలు దొరుకుతాయి. గుత్తి వెనక ఒకటి క్లిప్ చేసి, ఉత్త నీళ్లు కొట్టి చూడండి. పసుపు పసుపుగానే మిగిలితే ట్రాక్టర్ వేగం తగ్గించండి, అరిగిన నాజిళ్లు మార్చండి, ఆకులు దూయండి. పిందె పడగానే, పొద్దుటి ఎండ పడే వైపు మాత్రమే దూయాలి. ఆగస్టులో ఒక్కసారిగా దూస్తే కాయలు మాడిపోతాయి. పినో గుత్తి బిగువు. బూడిద పట్టిన కాయ పగిలిందంటే, శరత్కాలపు మంచు తడికి బొట్రైటిస్ అనే బూజు కుళ్లు గుత్తంతా ఎక్కేస్తుంది.

కోతకు నెల ముందు గంధకం ఆపేయండి, లేకపోతే రసం వైన్‌గా పులిసేటప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఇప్పటికే కనిపిస్తున్న తెల్లదనానికి హార్టికల్చరల్ ఆయిల్ (మొక్కల మీద కొట్టే నూనె) పనిచేస్తుంది. అయితే గంధకానికీ ఆయిల్‌కీ మధ్య రెండు వారాలు ఎడం ఉండాల్సిందే, లేదంటే ఆకు కాలిపోతుంది.