మితభాషికి ఇంటర్వ్యూ గండమా?

ప్రశ్న: ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, గాయం వంటి వాటివల్ల కష్టమైన రోజువారీ పనులను చేసుకోగలిగేలా తోడ్పడే చికిత్స) కోర్సులో రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లయింట్లను ఇంటర్వ్యూ చేసి వారి స్థితిని అంచనా వేయడం ఇప్పుడే నేర్పుతున్నారు. నేను మితభాషిని. ఫారంలోని ప్రశ్నలు అడిగేశాక ఏం మాట్లాడాలో తోచదు. ఈ వృత్తికి నేను పనికొస్తానా?

జవాబు: నిస్సందేహంగా పనికొస్తారు. ఆ గదిలో ఎక్కువ మాట్లాడవలసింది మీరు కాదు, క్లయింట్. ఏ అంశాలు అడగాలో, ఏ వరుసలో అడగాలో ముందే నిర్ణయించి పెట్టిన ఇంటర్వ్యూ మీవంటి వారికి నిజానికి ఊతమే. వాగ్ధాటి గల విద్యార్థులే తరచుగా ఇక్కడ తడబడతారు. క్లయింట్ వాక్యం పూర్తి కాకముందే వారు అందుకుంటారు.

1991లో తొలిసారి వెలువడిన కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్‌నే చూడండి. ఇది సెమీ స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ పద్ధతి, అంటే చట్రం స్థిరంగా ఉంటుంది, ప్రశ్నల మాటలు మాత్రం మీవి. సొంత పనులు; ఉద్యోగం, ఇంటిపని, చదువు వంటి బాధ్యతలు; తీరిక వేళ వ్యాపకాలు అనే మూడు రంగాల్లో తనకు కష్టమవుతున్నవేవో క్లయింటే చెప్పి, వాటి ప్రాధాన్యానికి 1 నుంచి 10 వరకు అంకె వేసి, ముఖ్యమైన వాటిని అయిదుకు మించకుండా ఎంచుకుంటారు. ఆ పైన ఒక్కొక్క పనిని ఎంత బాగా చేయగలుగుతున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో అదే కొలమానంపై చెబుతారు. చికిత్స తర్వాత మళ్లీ అడిగినప్పుడు సగటు స్కోరు 2 పాయింట్లు లేదా అంతకు మించి పెరిగితే దానిని చెప్పుకోదగిన మార్పుగా పరిగణించడం వాడుక.

మెలకువంతా అంకెకు ముందు అడిగే ప్రశ్నలో ఉంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న వ్యక్తిని "బట్టలు వేసుకోగలుగుతున్నారా?" అని అడిగితే "బాగానే వేసుకుంటున్నాను" అంటారు. అంతటితో ఫారం నిండుతుంది, విషయం తెలియదు. "ఈ రోజు పొద్దున చొక్కా ఎలా వేసుకున్నారో మొదటి నుంచి చెప్పండి" అని అడిగి ఊరుకోండి. బలహీనమైన చేతిని ముందుగా దూర్చానని, గుండీల దగ్గరికి వచ్చేసరికి భార్య అందుకుందని, అది తనకు నామోషీగా ఉందని ఒక్కొక్కటే బయటపడతాయి. అప్పుడు ఆయన చేయగలగడానికి 4, తృప్తికి 2 వేస్తే ఆ రెండు అంకెల మధ్య తేడా మీకు అర్థమవుతుంది. "అంత తక్కువా?" అని మీరు ఆశ్చర్యపోకూడదు సుమా, ఆ స్కోరు ఆయనది.

మాట కోల్పోయినవారితో, తమ లోపాన్ని తామే గుర్తించలేని స్థితిలో ఉన్నవారితో ఇంటర్వ్యూ ఒక్కటే సరిపోదు. కుటుంబ సభ్యులను అడగాలి, పని చేస్తుండగా స్వయంగా చూడాలి. చెప్పినదానికీ చేసినదానికీ పొంతన కుదరకపోతే అది కూడా నమోదు చేయవలసిన సమాచారమే.

ఈ నైపుణ్యం చదువుతో ముగిసేది కాదు. గాయపడిన ఉద్యోగులు తిరిగి పనిలో చేరే విషయంలో వర్కర్ రోల్ ఇంటర్వ్యూ, పాఠశాలల్లో స్కూల్ సెట్టింగ్ ఇంటర్వ్యూ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఆ రంగాలకు వెళ్లినా ఇదే అక్కరకు వస్తుంది.

ప్రస్తుతానికి ఒక సహ విద్యార్థిని క్లయింట్‌గా కూర్చోబెట్టి, అనుమతితో సంభాషణను రికార్డు చేయండి. జవాబు ముగిశాక మీరు ఎన్ని క్షణాలు ఆగారో విని చూసుకోండి. మొదటి జవాబు తర్వాత వచ్చిన రెండో మాట ఎక్కడెక్కడ దొరికిందో గుర్తుపెట్టి, ఆ భాగాలను మీ అధ్యాపకులకు వినిపించండి.